బస్సులో కూర్చున్నవాళ్ల కాళ్లు బయటికి ఎందుకు కనిపిస్తాయి?



పీటీఎం రోజున మీరు ప్రోగ్రెస్ రిపోర్ట్ చూస్తారు, మ్యాథ్స్ నోట్‌బుక్ తిరగేస్తారు, అన్నీ అయ్యాక డ్రాయింగ్ బుక్ తెరుస్తారు. చాలామంది ఓ నవ్వు నవ్వి మూసేస్తారు. కొందరు మాత్రం "మిస్, వీడికి బొమ్మలు వేయడం అస్సలు రావట్లేదు, కాస్త సరిగ్గా నేర్పించండి" అంటారు. ఈ నెల జవాబు వాళ్లకే.

రెండో తరగతి పిల్లలు వేసిన బస్సు బొమ్మ చూడండి. బస్సు బయటి నుంచి కనిపిస్తుంది, లోపల కూర్చున్నవాళ్ల కాళ్లూ కనిపిస్తాయి. పక్కన నిలబడ్డ నానమ్మ బస్సు కన్నా పొడుగు. పేపర్ అడుగున ఒక గీత, అది నేల. పైన నీలం పట్టీ, అది ఆకాశం. మనకివన్నీ తప్పుల్లా కనిపిస్తాయి. పాప లెక్క వేరు. బస్సెక్కిన వాళ్లకు కాళ్లుంటాయని తనకు తెలుసు, అందుకే వేసింది. నానమ్మ ముఖ్యం, అందుకే పెద్దది. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో పాఠాలు చెప్పిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ఒక పుస్తకం ప్రచురించారు. పిల్లల బొమ్మలు కూడా నడక, మాటల్లాగే దశలవారీగా ఎదుగుతాయని అందులో వివరించారు. సుమారు 2 నుంచి 4 ఏళ్ల దాకా పిచ్చిగీతలు. 7 ఏళ్ల లోపు తలకాయ నుంచే కాళ్లు మొలిచే మనిషి. 7 నుంచి 9 మధ్య ఈ నేల గీత, ఈ కాళ్లు కనిపించే బస్సు. అంటే మీ పాప వెనకబడలేదు, వయసుకు తగ్గట్టే వేస్తోంది. అంతెందుకు, చేర్యాల నకాశీ చిత్రకారులు ఎర్రటి నేపథ్యం మీద దూరం, దగ్గర లెక్క చూసుకోకుండా కథంతా చెప్తారు. వాటిని మనం హాల్లో గోడకు తగిలించుకుంటాం!

ఇదంతా నాకు మొదటి నుంచీ తెలుసని కాదు. బీఎడ్‌లో పిల్లల ఎదుగుదల గురించి పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. కానీ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక బాబు వేసిన ఇల్లు పక్కకి ఒరిగిందని ఎరేజర్ తీసుకుని, సరిగ్గా గీసి ఇచ్చాను. "ఇప్పుడు బాగుంది కదా?" అంటే తలూపాడు. తర్వాతి వారం ఖాళీ పేపర్ నా టేబుల్ మీద పెట్టి, "మీరే వేయండి మిస్" అన్నాడు. ఆ మాట మానడానికి మూడు నెలలు పట్టింది. అప్పటి నుంచి పిల్లల పేపర్ మీద నేను గీత గీయను. "ఇదేంటి?" అని కూడా అడగను. "దీని గురించి చెప్పు" అంటాను.

అయితే ఏమీ నేర్పకుండా వదిలేస్తామా? లేదు. నాలుగో తరగతికి వచ్చేసరికి పిల్లలకే తమ బొమ్మ నచ్చదు. నిజంగా ఉన్నట్టు రావాలంటారు, రాకపోతే "నాకు డ్రాయింగ్ రాదు" అని మానేస్తారు. అసలు భయపడాల్సింది అక్కడ. అప్పుడు నేర్పాలి. బల్ల మీద ఒక వంకాయ పెడతాను. పది నిమిషాలు పెన్సిల్ ముట్టకూడదు, చూడటమే. తొడిమ ఎటు వంగింది? మెరుపు ఎక్కడుంది? పిల్లలు గుర్తున్న వంకాయను కాకుండా ఎదురుగా ఉన్న వంకాయను వేయడం మొదలుపెట్టేది అప్పుడే.

డిజైన్ పాఠానికి మూడో తరగతిలో ముగ్గు తీసుకున్నాం. మధ్య వరుసలో 7 చుక్కలు, అటూ ఇటూ సందు చుక్కలు, 4 వచ్చేవరకు. మొత్తం 37 చుక్కలు. అందరూ దించుకున్నాక, "ఇది మీ గుమ్మం ముందు పడుతుందా?" అని అడిగాను. మర్నాడు ఒక పాప స్కేలుతో కొలుచుకుని వచ్చింది. "మా ఫ్లాట్ ముందు చోటు లేదు మిస్, చెప్పుల స్టాండ్ ఉంది." 5 చుక్కలు, 3 వచ్చేవరకు అని తగ్గించుకుని, 19 చుక్కల్లో కొత్త ముగ్గు తనే కట్టింది. ఎవరి కోసం, ఎంత చోటులో అని ఆలోచించి చేయడమే డిజైన్. లెక్కలకు పనికొస్తుందని చెప్పి డ్రాయింగ్ పీరియడ్‌ను మీకు అంటగట్టాలని నాకు లేదు. ఆ పాప ముఖం మీరు చూసుంటే చాలు.

ఇంట్లో పెద్దగా ఏమీ చేయక్కర్లేదు. కలరింగ్ బుక్ ప్రయాణాల్లో పిల్లల్ని కూర్చోబెట్టడానికి బాగానే ఉంటుంది, కానీ అందులో బొమ్మ ఎవరో ముందే వేసేశారు. ఒకవైపు వాడేసిన ప్రింటవుట్లు ఇవ్వండి, అవే మేలు. రాత్రి పదకొండింటికి మీరు కూర్చుని చేసిన ప్రాజెక్టులు, స్టేషనరీ షాపులో కొన్న మోడల్స్ మాకు చూడగానే తెలిసిపోతాయి. మార్కులు తగ్గుతాయని భయపడకండి, వంకరగా ఉన్నా వాళ్లు చేసిందే పంపండి.

వచ్చే నెల మూడో తరగతి వాళ్లకు కొలాజ్ ఉంది. పాత పెళ్లిపత్రికలు నాలుగైదు బ్యాగులో పెట్టి పంపండి. దయచేసి ముందే కత్తిరించి పంపకండి.