ఎఫ్‌ఎస్‌సీకే కొట్టే ముందు

చి. హారికకు, పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. బ్యాకప్ సర్వర్ ఈ వారంలో రెండుసార్లు రీడ్ ఓన్లీ అయిపోయిందనీ, తెల్లారేసరికి జాబులు పూర్తి కావడం లేదనీ రాశావు. శనివారం రాత్రి డౌన్‌టైమ్ తీసుకుని, అడిగినవాటన్నిటికీ ‘ఎస్’ అనేసేలా ఎఫ్‌ఎస్‌సీకే నడిపేద్దామని మీ లీడ్ అంటున్నారట. తల్లీ, కింద ఉన్న డిస్కుల సంగతి తేలేదాకా ఆ పని చెయ్యనివ్వకు. పాడవుతున్న డిస్కు మీద రిపేరు నడిపితే అది చదవలేని చోట్లను పాడైనవనుకుని, బాగున్న డైరెక్టరీలను కూడా తెంపి లాస్ట్ అండ్ ఫౌండ్‌లో పడేస్తుంది. ఆ తర్వాత వెనక్కి తెచ్చుకునే దారి ఉండదు.

ఈఎక్స్‌టీ4 ఊరికే రీడ్ ఓన్లీ అవదు. జర్నల్ రాయబోతే కింద నుంచి ఎర్రర్ వచ్చిందంటే, ఇంకా రాస్తే నష్టం పెరుగుతుందని తనే రాతలు ఆపేస్తుంది. కాబట్టి రీమౌంట్ చేసి జాబులు మళ్లీ మొదలుపెట్టొద్దు. డీమెస్గ్ తెరువు. ‘రీమౌంటింగ్ ఫైల్‌సిస్టమ్ రీడ్ ఓన్లీ’ అన్న లైను కథలో చివరిది, దాని దగ్గర ఆగకు. దానికి ముందు రెండు మూడు నిమిషాల లైన్లు చదువు. అక్కడ ఫలానా డిస్కు పేరుతో ఐఓ ఎర్రరో, లింక్ రీసెట్టో కనిపిస్తే ఫైల్ సిస్టమ్ తప్పేమీ లేదు.

అప్పుడు ఆ డిస్కు స్మార్ట్ రిపోర్ట్ తియ్యి. పైన ‘పాస్డ్’ అని ఉంటే నమ్మకు, చనిపోబోయే డిస్కులు కూడా పాస్ అవుతూనే ఉంటాయి. 5, 197, 198 నంబర్ల వరసలో చివరి కాలమ్ చూడు. 197 అంటే డిస్కు చదవలేక, ఏం చెయ్యాలో తేల్చుకోలేక పక్కన పెట్టిన సెక్టార్లు. అది రోజురోజుకీ పెరుగుతుంటే ఆ డిస్కుకి కాలం చెల్లినట్టే. 199 మాత్రం వేరే. అది పెరుగుతుంటే డిస్కుని కాదు, కేబుల్‌నీ బ్యాక్‌ప్లేన్‌నీ అనుమానించు. ఆ అంకె ఎన్నటికీ తగ్గదు గనక ఇవాళ ఎంతుందో రాసి పెట్టుకుని రేపటితో పోల్చు.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. డెస్క్‌టాప్ డిస్కుకి చదవలేని సెక్టారు తగిలితే నిమిషం పైన కూడా పట్టు వదలకుండా ప్రయత్నిస్తుంది. కెర్నెల్ మామూలుగా 30 సెకన్లు చూసి, డిస్కు పలకడం లేదని లింకు రీసెట్ చేస్తుంది. దాంతో ఒక్క చెడ్డ సెక్టారున్న డిస్కు మొత్తం రైడ్‌లోంచి బయటికి పోతుంది. నాస్ డిస్కులు సాధారణంగా 7 సెకన్లలో ఎర్రర్ చెప్పేస్తాయి. మీ డిస్కుల్లో ఆ సెట్టింగ్ ఉందో లేదో స్మార్ట్‌సీటీఎల్‌తో చూడు. ఉంటే 7 సెకన్లకు పెట్టు. పవర్ పోయివస్తే అది చెరిగిపోవచ్చు, అందుకని బూట్ స్క్రిప్టులో ఉంచు. లేకపోతే కెర్నెల్ ఆగే సమయాన్నే 180 సెకన్లకు పెంచు.

డిస్కు పాడైందని తేలితే ముందు డీడీరెస్క్యూతో వేరే డిస్కు మీదకి కాపీ తియ్యి. ఆ కాపీ మీద ఎఫ్‌ఎస్‌సీకేని ఏమీ మార్చకుండా, చూసి చెప్పే పద్ధతిలో నడిపి, ఏమంటుందో చదివాకే రిపేరు.

ఇక జాబులు తెమలకపోవడం. దీనికీ సర్వర్ రీడ్ ఓన్లీ అవడానికీ సంబంధం ఉండాల్సిన పనిలేదు. మీది ఆర్‌సింక్‌తో హార్డ్‌లింకులు పెట్టే పద్ధతి అన్నావు. 7200 ఆర్‌పీఎం డిస్కు సెకనుకి దాదాపు నూరు చోట్లకు మించి వెతకలేదు. కోటి ఫైళ్లకు ఒక్కొక్క వెతుకులాట చొప్పున వేసుకున్నా లక్ష సెకన్లు, అంటే 27 గంటల పైమాట. ఐఓస్టాట్‌లో డిస్కు నూటికి నూరు శాతం బిజీగా ఉండి, వేగం మాత్రం సెకనుకి ఒకటి రెండు ఎంబీలే కనిపిస్తే రోగం ఇదే. పాత స్నాప్‌షాట్లు చెరిపే జాబు కూడా ఇలాంటి భారమే, దాన్ని బ్యాకప్ వేళకు తగలకుండా పగటికి మార్చు. ర్యామ్ పెంచితే ఐనోడ్లు క్యాష్‌లో నిలుస్తాయి. డిస్కు మార్చడం కన్నా అదే ఎక్కువ గుణమిస్తుందని నా నమ్మకం. డీఎఫ్‌లో ఐనోడ్ల లెక్క కూడా చూడు. ఈఎక్స్‌టీ4 మామూలుగా 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున ముందే కేటాయిస్తుంది. అవి అయిపోతే చోటున్నా ‘నో స్పేస్’ అంటుంది.

ఒకసారి ఎండీస్టాట్ కూడా చూసుకో. డెబియన్, ఉబుంటు సర్వర్లలో నెలలో మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక రైడ్ చెక్ తనంతట తానే మొదలవుతుంది. ఆ రాత్రి జాబులు నత్తనడక నడిస్తే కంగారు పడకు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఏం జరిగిందో మీ లీడ్‌కి చెప్పు. పొరపాటున డేటాబేస్ చెరిగిపోయాక చూస్తే, రోజూ తీస్తున్నామనుకున్న బ్యాకప్ అసలు లేదు. వెర్షన్ తేడా వల్ల జాబు ఎప్పుడో ఫెయిలవుతోంది. ఆ సంగతి చెప్పే మెయిళ్లు కూడా తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. అంతకు 6 గంటల ముందు వేరే పనికి తీసిన ఎల్‌వీఎం స్నాప్‌షాట్ వాళ్లను ఆదుకుంది. మీ సర్వర్ ఈ వారం రెండుసార్లు రాతలు ఆపేసింది గనక ఆ రెండు రాత్రుల బ్యాకప్‌లు సగంలో ఉండే ఉంటాయి. ఒక మెషిన్ ఎంచుకుని, వాటికి ముందు నాటి కాపీ నుంచి ఒక ఫోల్డర్ రీస్టోర్ చేసి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో చూడు. మిగతా పనులన్నీ దాని తర్వాతే.

స్మార్ట్ రిపోర్టులూ, ఆ కాసిని డీమెస్గ్ లైన్లూ శుక్రవారంలోగా నాకు పంపు. ఎంత రాత్రైనా ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటాను.

ఇట్లు,
మీ పెదనాన్న