అరవై ఏట తొలి అడుగు



మన కోనసీమ ఇళ్ళలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "ఇంకేముందండీ, మా పనైపోయింది. పిల్లలు ఎవరి దారిన వారు వెళ్ళారు. పిలుపు రావడమే తరువాయి." ఈ మాట అనేది ఎనభై ఏళ్ళ వృద్ధులు కారు. యాభై ఎనిమిది, అరవై రెండు ఏళ్ళవారు. కొడుకు కువైట్‌లో, కూతురు హైదరాబాదులో ఉంటారు. పొలం కౌలుకిచ్చారు. కొబ్బరి దింపు ఎవరో వచ్చి తీసి వెళతారు. అరుగు మీద కుర్చీ, ఎదురుగా టి.వి., బల్ల మీద బి.పి. బిళ్ళలు, షుగరు బిళ్ళలు. ఉదయం నుంచి రాత్రి దాకా శరీరానికి పని లేదు. మనసుకు మాత్రం ఒకటే పని, గడిచిపోయినవి తలచుకోవడం.

దీనినే మనం వృద్ధాప్యం అంటున్నాము. అయితే ఇందులో వయసు తెచ్చినది ఎంత? కూర్చోవడం తెచ్చినది ఎంత? ఈ వారం ఈ ప్రశ్నను మీ ముందు ఉంచుతున్నాను.

1. వయసా, కూర్చోవడమా?

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 1984లో ఒక పరిశీలన మొదలుపెట్టారు. యాభై ఏళ్ళు దాటి, క్రమంగా పరుగెత్తే అలవాటున్న 538 మందిని, ఆ అలవాటు లేని 423 మందిని ఏళ్ళ తరబడి గమనించారు. 19 సంవత్సరాల తరువాత చూస్తే, పరుగెత్తేవారిలో నూటికి 15 మంది, తక్కినవారిలో నూటికి 34 మంది మరణించి ఉన్నారు. "పరుగెత్తేవారు మొదటి నుంచీ ఆరోగ్యవంతులే కదా" అని మీరు అనవచ్చు. ఆ తేడాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా మేలు మేలుగానే నిలిచింది. అంతకన్న ముఖ్యమైనది మరొకటి ఉంది. లేవడం, నడవడం, దుస్తులు ధరించడం వంటి నిత్యకృత్యాలకు ఇతరులపై ఆధారపడే స్థితి పరుగెత్తేవారికి చాలా ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. అంటే వారికి ఆయుష్షుతో పాటు, ఆ ఆయుష్షులో తమ కాళ్ళ మీద తాము నిలబడే కాలం కూడా పెరిగింది.

"మాకు ఆ వయసు కూడా దాటిపోయింది" అంటారా? 1990లో బోస్టన్ నగరంలో ఒక వృద్ధాశ్రమంలోని పదిమందికి ఎనిమిది వారాల పాటు కాళ్ళ కండరాలకు బరువులతో వ్యాయామం చేయించారు. వారి సగటు వయసు తొంభై. ఎనిమిది వారాలు తిరిగేసరికి వారి కాళ్ళ బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. తొంభై ఏళ్ళ కండరం కూడా పిలిస్తే పలుకుతుందన్నమాట. మనం పిలవడం మానేశాము, అంతే.

మన దేశంలో షుగరు వ్యాధిగ్రస్తులు 10 కోట్లకు పైగా ఉన్నారని 2023లో వెలువడిన జాతీయ పరిశీలన తెలిపింది. మన వాడలో ఏ ఇంటి తలుపు తట్టినా ఆ లెక్క నిజమేనని తెలుస్తుంది.

2. దుఃఖం నుంచి లేచినవారు

పంజాబు రైతు ఫౌజా సింగ్ గారి పేరు మీలో కొందరు విని ఉంటారు. పాస్‌పోర్టు ప్రకారం ఆయన 1911లో జన్మించారు. మన పెద్దలలో చాలామందికి లాగే ఆయనకూ జనన ధ్రువపత్రం లేదు. బాల్యంలో కాళ్ళు బలహీనంగా ఉండి ఐదేళ్ళు వచ్చేదాకా నడవలేదు. 1992లో భార్య మరణించారు. 1994లో ఒక కుమారుడు ప్రమాదంలో మరణించాడు. కన్నబిడ్డను పోగొట్టుకున్న ముసలి తండ్రి గుండె ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. లండన్‌లో మరో కుమారుని వద్ద ఉంటూ, ఆ దుఃఖాన్ని మోస్తూ, ఆయన నడక, పరుగు పట్టుకున్నారు. 2000వ సంవత్సరంలో, 89 ఏళ్ళ వయసులో, 42 కిలోమీటర్ల లండన్ మారథాన్ పూర్తిచేశారు. 2011లో కెనడాలోని టొరంటోలో నూరేళ్ళ వయసున అంతే దూరాన్ని 8 గంటల 11 నిమిషాలలో ముగించారు. 2013లో పందాలు మానినా నడక మానలేదు. 2025 జులైలో స్వగ్రామం దగ్గర రోడ్డుపై నడుస్తూ, వాహనం ఢీకొని మరణించారు.

ఇక మన శ్రీసభ బిడ్డ ఒకరిని చూద్దాము. అమెరికాకు చెందిన సిస్టర్ మడోన్నా బ్యూడర్ 1930లో జన్మించిన మఠకన్య. 48 ఏళ్ళ వయసు దాకా ఆమెకు పరుగుతో పరిచయం లేదు. పరుగు శరీరాన్ని, మనసును, ఆత్మను ఒకటిగా కూర్చుతుందని ఒక గురువు చెప్పగా మొదలుపెట్టారు. 2012లో, 82వ ఏట, సుమారు 4 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42 కిలోమీటర్ల పరుగు ఒకే రోజున, 17 గంటల గడువులోపు పూర్తిచేశారు. గడువు దాటిపోయి పూర్తికాని పందాలు కూడా ఆమెకు ఉన్నాయి. అయినా మరుసటి ఏడు మళ్ళీ వచ్చి నిలబడేవారు.

మన తెలుగునాట విశాఖపట్నంలో, నావికాదళంలో కమాండరుగా పనిచేసి విశ్రాంతి పొందిన వల్లభజోస్యుల శ్రీరాములు గారు తొంభై దాటిన తరువాత కూడా వయోజనుల నడక పోటీలలో పాల్గొని పతకాలు తెచ్చారు.

వీరందరూ పతకాల కోసమే పుట్టినవారని అనుకోవద్దు. ఫౌజా సింగ్ గారికి పరుగు మొదట పందెం కాదు, కన్నీళ్ళ నుంచి బయటపడే దారి.

3. ఆత్మకు శరీరం తోడు

ఆత్మ గొప్పది, శరీరం తక్కువది అని కొందరు భక్తులు అనుకుంటారు. "ఈ మట్టి దేహం గురించి ఎందుకండీ చింత?" అంటారు. శ్రీసభ ఆలోచన అది కాదు. పదమూడవ శతాబ్దపు పునీత తోమాసు అక్వినాసు గారు మనిషిని ఆత్మ, శరీరాల ఏకత్వంగా చూశారు. దుఃఖానికి మందులు ఏమిటని విచారించినప్పుడు ఆయన సంతోషాన్ని, కన్నీటిని, స్నేహితుల ఓదార్పును, సత్యధ్యానాన్ని చెప్పి, వాటి సరసనే నిద్రను, స్నానాన్ని కూడా చేర్చారు. అంత గొప్ప వేదాంతి స్నానం గురించి మాట్లాడడమా! అవును. శరీరానికి కలిగిన హాయి మనసును చేరుతుందని ఆయన ఎరుగును. తెల్లవారుజామున నాలుగు కిలోమీటర్లు నడిచి, చెమట పట్టి, చన్నీళ్ళు పోసుకున్నవారికి ఈ సంగతి ఏ గ్రంథం చదవకుండానే తెలుస్తుంది.

ఏలీయా ప్రవక్తను తలచుకోండి. ఆయన అలసిపోయి, భయపడి, ఎడారిలో చెట్టు కింద పడుకుని ఇక చాలు, చనిపోతానని దేవుని అడిగాడు. దేవదూత ఆయనకు ఉపన్యాసం చెప్పలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ నిద్రపోతే మళ్ళీ లేపి తినిపించాడు. ఆ తరువాత ప్రవక్త నలువది దినములు నడిచాడు. ఆ నడక చివరనే దేవుని మెల్లని స్వరం విన్నాడు. నిద్ర, మితమైన ఆహారం, నడక. నిరాశపడిన మనిషికి ఆకాశం నుంచి వచ్చిన చికిత్స ఇదే.

4. నలుగురూ నవ్వుతారేమో

మన ఊళ్ళలో అసలు అడ్డంకి మోకాళ్ళు కాదు, మొహమాటం. మగవాడు గట్టు మీద పరుగెడితే "మాష్టారికి ఈ వయసులో ఇదేం సరదా?" అంటారు. ఆడవారైతే ఇంకా కష్టం. యాభై ఏళ్ళ అమ్మ బూట్లు వేసుకుని వీధిలోకి వస్తే నాలుగు గుమ్మాలు తెరుచుకుంటాయి. దీనికి మందు ఒంటరిగా వెళ్ళకపోవడమే. మరియ సేన సభ్యులు నలుగురు, లేదా తోడికోడళ్ళు ఇద్దరు కలిసి బయలుదేరండి. మొదటి వారం నవ్వినవారే నెల తిరిగేసరికి "ఎన్ని గంటలకు వెళుతున్నారు వదినా?" అని అడుగుతారు.

ఆలస్యంగా మొదలుపెట్టడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలకూల్చింది. మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్ళు పడుతుందని తెలిసి కూడా నాటి పెద్దలు మళ్ళీ గోతులు తీసి మొక్కలు పెట్టారు. తుపాను తరువాత తోట వేసినవారి బిడ్డలం, మన ఒంటి విషయంలో మాత్రం చేతులెత్తేయడం తగునా?

5. ఎలా మొదలుపెట్టాలి?

మొదట వైద్యుని చూడండి. గుండె జబ్బు, బి.పి., షుగరు ఉన్నవారు, చాలా ఏళ్ళుగా కదలకుండా ఉన్నవారు ఆయన అనుమతి లేకుండా పరుగెత్తరాదు. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, మామూలు కాని ఆయాసం వస్తే వెంటనే ఆగి వైద్యుని వద్దకు వెళ్ళాలి.

మొదటి నెల నడక చాలు. పక్కవారితో మాట్లాడుతూ నడవగలగాలి, పాట పాడలేనంత వేగం ఉండాలి. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. రెండవ నెలలో ఒక కరెంటు స్తంభం నుంచి మరో స్తంభం దాకా మెల్లగా పరుగు, తరువాత రెండు స్తంభాల దూరం నడక. మోకాళ్ళు ఒప్పుకోకపోతే నడకతోనే ఉండండి. అందులో చిన్నతనం లేదు.

ఇంట్లో కుర్చీలో నుంచి చేతులు ఆన్చకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడ పక్కన ఒంటికాలిపై కొద్ది క్షణాలు నిలబడండి. ముసలితనంలో మంచాన పడవేసేది చాలాసార్లు ఒక్క జారిపాటే.

షుగరు ఉన్నవారు వట్టి కాళ్ళతో నడవరాదు. ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో కాస్త చక్కెర ఉంచుకోవాలి. వానాకాలంలో కాలువ గట్లు జారతాయి, జాగ్రత్త. రోడ్డుపై నడిస్తే ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడి పక్కన నడవండి.

భోజనంలో అన్నం తగ్గించి కూర పెంచండి. చేపల పులుసు మంచిదే. ఉప్పుచేప, ఆవకాయ మాత్రం కొద్దిగా రుచి చూడండి. రోజంతటికీ ఒక చెంచా ఉప్పు మించరాదు. కొబ్బరి నీళ్ళు మన భాగ్యమే గాని, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి తాగాలి.

6. రెండు హెచ్చరికలు

మొదటిది. ఈ పాఠం కూర్చున్నవారికి. ఎండలో నాట్లు వేసి, కొబ్బరికాయలు ఒలిచి, పొద్దుగూకి ఇల్లు చేరే తల్లికి పరుగు గురించి చెప్పడం అన్యాయం. ఆమెకు కావలసినది కడుపునిండా అన్నం, న్యాయమైన కూలి, విశ్రాంతి. ఇంట్లో పిల్లలు ఆమె చేతిలోని బిందె అందుకుంటే అదే వారికి వ్యాయామం, ఆమెకు ఆరోగ్యం.

రెండవది. శరీరం తోడు గాని దేవుడు కాదు. ఎంత నడిచినా ఒకనాడు ఆగవలసిందే. మంచం పట్టినవారు ఏ పాపమూ చేయలేదు. మీకు నడిచే బలం వచ్చినప్పుడు ఆ బలంతో ఒకరోజు వారి ఇంటిదాకా నడవండి. వారి పక్కన కాసేపు కూర్చోండి. మీ నడకలో అదే అన్నిటికన్న మంచి భాగం.

ఇంటిల్లిపాదీ ఆలోచించవలసినవి

నిన్న మన ఇంట్లో పెద్దవారు ఎన్ని గంటలు కూర్చునే ఉన్నారు?

"ఈ వయసులో ఎందుకు?" అని మనం ఎవరి ఉత్సాహాన్ని అణచివేశాము?

దూరదేశంలో ఉన్న పిల్లలు ఫోనులో "మందులు వేసుకున్నావా?" అని అడుగుతారు. "ఈరోజు ఎంతదూరం నడిచావమ్మా?" అని కూడా అడుగుతున్నారా?

ఈ వారం ఆచరణ: సోమవారం తెల్లవారుజామున గుడి గంట వినగానే లేవండి. పక్కింటివారిని పిలవండి. లాకుల దాకా వెళ్ళి తిరిగి రండి. అంతకు మించి ఏమీ వద్దు. మంగళవారం కూడా అలాగే చేయండి.