పనివారు నిలిచియుండుట కేమి కావలెను?

కర్మాగారమునకు యంత్రములు, ముడిసరకు, మూలధనము ఎంత యవసరమో, పని తెలిసిన మనుష్యులును అంత యవసరము. యంత్రము నొకమారు కొని నిలిపినచో నది యచ్చటనే యుండును. మనుష్యు డట్లు కాడు. తనకు న్యాయము జరుగుచున్నదని తోచినంత కాలమే నిలుచును. పనివారిని చేర్చుకొని, పని నేర్పి, వారి కష్టసుఖములు విచారించి నిలుపుకొను విధానమునకు నేడు మానవ వనరుల నిర్వహణ మని పేరు. దాని ప్రయోజన మెట్టిదో యొక చరిత్రాంశమువలన తెలిసికొందము.

అమెరికా దేశమున డెట్రాయిట్ నగరముచెంత హైలాండ్ పార్కునందు హెన్రీ ఫోర్డుగారి మోటారుకార్ల కర్మాగార ముండెను. 1913వ సంవత్సరమున నచ్చట నొక క్రొత్త పద్ధతి స్థిరపడెను. పనివాడు బండియొద్దకు పోవుటకు మారుగా బండియే యతనియొద్దకు కదలి వచ్చును. అతడు నిలుచున్నచోటనే దినమంతయు నొకే చిన్నపని చేయుచుండవలెను. ఉత్పత్తి హెచ్చెను గాని పనివారికి విసుగు పుట్టెను. ఆ యేట పని విడిచినవారు నూటికి 370 మంది. అనగా నూరు స్థానములనుండి యొక్క యేటిలో 370 మంది వెడలిపోయి రన్నమాట! సుమారు 14,000 మందితో నడచు కర్మాగారమునకు 50,000 మందికి పైగా చేర్చుకొనవలసివచ్చెను. క్రొత్తవాడు పని నేర్చుకొనులోపలనే వెడలిపోవుచుండుటచే ధనమును కాలమును వ్యర్థమయ్యెను.

యజమానులు కారణములు విచారించిరి. మేస్త్రీలు తమ యిష్టానుసారముగ పనివారిని తొలగించుచుండిరి. 1913 అక్టోబరున నా యధికారము వారినుండి తీసివేయబడెను. 1914 జనవరి 5వ తేదీన మరియొక ప్రకటన వెలువడెను. పనివేళ దినమునకు 9 గంటలనుండి 8 గంటలకు తగ్గించబడెను. రెండున్నర డాలర్లైన లేని దినవేతనము, లాభములలో భాగముతో కలిపి, 5 డాలర్లయ్యెను. పని విడుచువారి సంఖ్య 1914లో నూటికి 54కును, 1915లో 16కును దిగెను. వ్యయము తగ్గించుటకు తాము చేసిన మంచి పనులలో నిది యొకటియని ఫోర్డుగారు 1922లో ప్రకటించిన స్వీయచరిత్రమున వ్రాసిరి.

అయిన నిందొక లోపము లేకపోలేదు. 5 డాలర్లు పొందగోరు పనివాని యింటికి కంపెనీ ఉద్యోగులు పోయి, యతడు మద్యము సేవించునా, ధనము కూడబెట్టునా, యిల్లు శుభ్రముగ నుంచునా యని పరీక్షించుచుండిరి. స్త్రీలకు 1916 వరకు నీ వేతనము లేకుండెను. పనివారి స్వంత విషయములలో తొంగిచూచుట కాలము చెల్లిన పద్ధతియని ఫోర్డుగారే యా గ్రంథమున నొప్పుకొనిరి.

దీనినిబట్టి మన మొక సంగతి గ్రహింపవలెను. జీతము పెంచుట ముఖ్యమే. కాని యది యొక్కటియే చాలదు. అలసట నెరిగి పనివేళలు నిర్ణయించుట, కారణము లేక తొలగింపకుండుట, పనివాని గౌరవమును కాపాడుట అనునవియు దానితో కూడియుండవలెను. ఇవి యజమాని చేయు దానములు కావు. పనివానికి చెల్లవలసిన న్యాయములు.

విద్యార్థులారా! మీలో కొందరు ఉద్యోగులగుదురు. కొందరు పదిమందిచేత పని చేయించువారగుదురు. అట్టి యధికారము మీకు లభించిననాడు, ఒక పనివాడు విడిచిపోయినచో, అతనిని కృతఘ్నుడని నిందించుటకు ముందు, అతడేల పోయెనో విచారింపుడు.