కరెంటు పోయే ముందే కబురు చేరాలి

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో జూనియర్ లైన్‌మన్, సబ్ ఇంజనీర్ పరీక్షలకు చదువుతున్న వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. ట్రాన్స్‌ఫార్మర్ కనెక్షన్లు, ఎర్తింగ్ లెక్కలు అక్కడ బాగానే నేర్పుతారు. స్తంభం ఎక్కడం ఎలాగూ సాధన చేస్తారు. కానీ ఉద్యోగంలో చేరాక సగం పని నోటితోనే. జనానికి ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది ఏ సిలబస్‌లోనూ లేదు.

పోస్టింగ్ సిరిసిల్లలో అనుకోండి. అక్కడ 1970లో మొదలైన సహకార విద్యుత్ సరఫరా సంఘం ఉంది. అందరూ ‘సెస్’ అంటారు. తెలంగాణ ఉత్తర డిస్కం దగ్గర టోకున కరెంటు కొని ఊళ్లకు ఇస్తుంది. వాడకందార్లే సభ్యులు, డైరెక్టర్లను ఓటేసి ఎన్నుకునేదీ వాళ్లే. 2022 డిసెంబరులోనూ అలాగే ఎన్నికలు జరిగాయి. అలాంటి చోట కరెంటు ఎందుకు పోయిందని అడిగే మనిషి మీ సంస్థలో భాగస్వామి. విసుక్కోకుండా జవాబు చెప్పడం మర్యాద మాత్రమే కాదు, ఆయనకు మీరు అప్పజెప్పాల్సిన లెక్క.

సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసే కార్మికుడికి నేసిన బట్టను బట్టే కూలి. చెప్పాపెట్టకుండా సరఫరా ఆపితే ఆ పూట గిట్టుబాటు పోతుంది. ముందురోజే తెలిస్తే బీము మార్చుకోవడం లాంటి పనులు ఆ వేళకు పెట్టుకుంటాడు. అందుకే ‘మరమ్మతుల కారణంగా కొన్ని ప్రాంతాల్లో సరఫరాకు అంతరాయం కలుగును’ అని రాస్తే అది ఎవరికీ ఉపయోగపడదు. ఇలా రాయండి: ‘రేపు పొద్దున 10 నుంచి 12 దాకా శివాలయం వీధి, పాత బజారులో కరెంటు ఉండదు. తీగలకు తగులుతున్న కొమ్మలు కొట్టేస్తున్నాం. ఆలస్యమయ్యేట్టుంటే 12 కాకముందే చెబుతాం.’ వాట్సాప్‌లో పెట్టి ఊరుకోకండి. ఫోన్ చూడని రైతులకు పంచాయతీ మైకు ఉంది.

గాలివానకు లైను తెగినప్పుడు ‘పది నిమిషాల్లో వస్తది’ అనే మాట నోట రానివ్వకండి. ఫాల్ట్ ఎక్కడుందో దొరకలేదంటే దొరకలేదనే చెప్పండి, మళ్లీ ఎప్పుడు కబురు చేస్తారో చెప్పండి. తెగి పడ్డ తీగ దగ్గరికి పోవద్దని మాత్రం అన్నిటికన్నా ముందు చెప్పాలి.

బిల్లు సంగతి ఇప్పటినుంచే నేర్చుకోవచ్చు. 2022 నుంచి ఉన్న గృహ టారిఫ్‌లో 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయల ఎనర్జీ చార్జీ. 201 కాలిస్తే శ్లాబు మారి మొదటి 200కే 5.10 చొప్పున పడుతుంది, ఆ ఒక్క యూనిట్‌కు 7.70. మొత్తం 1,027.70. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా ఉచితంగా కరెంటు పొందే ఇంట్లో అయితే 200 దాటిన నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. ఎల్‌బీనగర్‌లో మీ గది ఓనరమ్మకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. ఆమెకు అర్థమైతే రేపు కౌంటర్ దగ్గర మీరు ఎవరికైనా చెప్పగలరు. మీ గల్లీలో కరెంటు పోయినప్పుడు బిల్లు మీది యూఎస్‌సీ నంబరు పట్టుకుని 1912కు ఫోన్ చేయండి. అవతలివాళ్లు ఏం చెప్పారు, మీరు ఏం తెలుసుకోవాలనుకున్నారు అన్నది రాసిపెట్టుకోండి. మంచి సాధన అది.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. 12 దాకా లేదని చెప్పి పని 11కే అయిపోతే, సంతోషంగా స్విచ్ వేసేయకండి. మీ మాట నమ్మి ఏ రైతో మోటారు స్టార్టర్ విప్పి కూర్చుని ఉండొచ్చు. మెయిన్ తీయకుండా ముట్టుకోవద్దని ఎంత చెప్పినా కొందరు ముట్టుకుంటారు. లైన్ క్లియర్ తీసుకున్న వాళ్లంతా దాన్ని తిరిగి ఇచ్చేశారో లేదో చూసుకుని, ముందే వస్తుందని ఊరికి ఇంకోసారి చెప్పి, అప్పుడు లైను చార్జ్ చేయండి. అలా చెప్పే వీలు లేకపోతే 12 దాకా ఆగండి.