బిడ్డ చేతిలోని రూపాయి ఎవరిది?



ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో గుణదల మాత తిరునాళ్ళకు పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళినవారికి ఈ అనుభవం కొత్త కాదు. ఏడేళ్ళ బాబు చేతిలో 100 రూపాయలు పెడతాము. మొదటి అంగడిలో కనిపించిన బొమ్మ తుపాకీకే 80 రూపాయలు అయిపోతాయి. నాలుగడుగులు వేయగానే రంగులరాట్నం కనిపిస్తుంది. చేతిలో చాలినంత లేదు. ఏడుపు మొదలవుతుంది. “సరేలే, పండుగ పూట ఏడవకు” అంటూ నాన్న ఇంకో 50 తీసి ఇస్తాడు.

బాబు నవ్వాడు, మనమూ ఊపిరి పీల్చుకున్నాము. కాని ఆ నిమిషంలో బాబు ఒక పాఠం నేర్చుకున్నాడు: డబ్బు అయిపోతే ఏడవాలి, ఏడిస్తే మళ్ళీ వస్తుంది. పెద్దయ్యాక నాన్న జేబు ఉన్నచోట వడ్డీ వ్యాపారి ఉంటాడు, లేదా ఫోనులో క్షణాల మీద అప్పిచ్చే యాప్ ఉంటుంది. అక్కడ ఏడ్చినా ఎవరూ వినరు.

పిల్లలకు పొదుపు గురించి చెప్పని ఇల్లు లేదు. అయినా మన మాట వారికి ఎందుకు ఎక్కదు? మనం ఇచ్చిన డబ్బు నిజంగా వారిది కాకపోవడం వల్లనే. తనది కాని దానిని ఎవరూ జాగ్రత్తగా చూసుకోరు. కనుక ఈ వారం మన పాఠం ఒక్కటే: ఇచ్చేది కొంచెమైనా, అది బిడ్డదై ఉండాలి.

1. రోజు, మొత్తం స్థిరంగా ఉండాలి. అడిగినప్పుడల్లా ఇవ్వకండి. వారానికి ఒకరోజు, మీ సంపాదనకు తగినట్లు, 10 గాని 20 గాని ఇవ్వండి. మూత ఉన్న మూడు గాజు సీసాలు పెట్టండి: ఖర్చుకు ఒకటి, దాచుకోవడానికి ఒకటి, ఇతరులకు ఇవ్వడానికి ఒకటి. మట్టి హుండీలో వేసిన డబ్బు కంటికి కనబడదు. సీసాలో పెరగడం బిడ్డ రోజూ చూస్తాడు. వారానికి 20లో 8 దాచుకుంటే, 80 రూపాయల రంగు పెన్సిళ్ళ పెట్టెకు పది వారాలు పడుతుంది. ఎదురుచూడడం అంటే ఏమిటో ఆ పది వారాలే నేర్పుతాయి.

2. అయిపోతే మళ్ళీ నింపకండి. ఖర్చు సీసా మంగళవారానికే ఖాళీ అయితే, వచ్చే వారం వరకు ఖాళీయే. తిట్టవద్దు, దెప్పవద్దు. “ఈసారి ఎలా చేద్దామమ్మా?” అని అడగండి. 20 రూపాయలతో ఇప్పుడు చేసే తప్పు, 20 వేలతో తరువాత చేయబోయే తప్పును ఆపుతుంది. అన్నం, పుస్తకాలు, మందులు మాత్రం తల్లిదండ్రుల బాధ్యత. వాటిని ఈ లెక్కలోకి తేకండి.

3. బిడ్డ డబ్బు అడగకుండా తీయకండి. ఈ మాట మనకే కొంచెం గుచ్చుకుంటుంది. నెలాఖరున చిల్లర లేక బిడ్డ హుండీని వంచని ఇల్లు ఎక్కడ? ప్రథమ దివ్యసత్ప్రసాదం నాడు బంధువులు కవర్లలో పెట్టి ఇచ్చిన డబ్బు విందు ఖర్చులో కలిసిపోవడం మామూలే. అవసరం అందరికీ వస్తుంది. అప్పుడు బిడ్డను అడగండి. ఎంత తీసుకున్నారో, ఏ రోజు ఇస్తారో చీటీ మీద రాసి సీసాలో వేయండి. చెప్పిన రోజుకు తిరిగి ఇచ్చేయండి. అప్పు తీర్చడం ఎంత గౌరవమైన పనో ఇంతకంటే బాగా ఏ బడీ నేర్పలేదు. మాట తప్పితే బిడ్డ నేర్చుకునేది వేరు.

4. కానుక బిడ్డదే కావాలి. పూజలో కానుకల సమయానికి మన పర్సులోని నోటు తీసి బిడ్డ చేతిలో పెట్టి వేయిస్తాము. చూడడానికి ముచ్చటగా ఉంటుంది గాని, అది మన కానుక. తన మూడో సీసాలోంచి తానే ఏరి తెచ్చిన 2 రూపాయల బిళ్ళ వేసినప్పుడు, ఇవ్వడంలో ఉన్న కష్టమూ సంతోషమూ బిడ్డకు తెలుస్తాయి. ఎంత వేయాలో మీరు నిర్ణయించకండి.

5. కనబడని డబ్బును చూపించండి. 2016లో యూపీఐ వచ్చినప్పటి నుండి చాలా ఇళ్ళలో నోట్లు లెక్కపెట్టడమే తగ్గిపోయింది. ఫోను చూపితే సరుకులు వస్తాయని పసివాడు అనుకుంటాడు. చెల్లించేటప్పుడు మొత్తం పైకి చెప్పండి. ఇంటికి వచ్చి నోటుబుక్కులో బిడ్డ చేత రాయించండి. పిన్ నంబరు మాత్రం చెప్పకండి. అప్పుడప్పుడు 50 రూపాయల నోటిచ్చి కొట్టుకు పంపండి. 34 రూపాయల సరుకు తీసుకుంటే 16 తిరిగి రావాలి. కొట్టు దగ్గరే లెక్క చూసుకొని రమ్మనండి.

6. పదేళ్ళు నిండాక ఖాతా తెరిపించండి. పోస్టాఫీసులో పదేళ్ళు దాటిన పిల్లలు తమ పేరున తామే పొదుపు ఖాతా తెరవవచ్చు. 500 రూపాయలు ఉంటే చాలు. బ్యాంకులలో కూడా పదేళ్ళు నిండినవారు, బ్యాంకు పెట్టిన హద్దులకు లోబడి, సొంతంగా ఖాతా నడుపుకోవచ్చునని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చింది. అంతకన్నా చిన్నవారికి తల్లిదండ్రుల ద్వారా తెరవవచ్చు. ఫారం బిడ్డ చేతనే నింపించండి, తప్పులుంటే పక్కన కూర్చొని దిద్దండి.

ఒక హెచ్చరిక. మంచం సర్దినందుకు, తమ్ముణ్ణి ఎత్తుకున్నందుకు డబ్బు ఇవ్వకండి. ఇంటిపని ఇంట్లోవారందరిదీ. ప్రేమతో చేయవలసిన పనికి వెల కడితే, రేపు మంచినీళ్ళు అడిగినా “ఎంతిస్తావు?” అంటారు.

ఈ వారం ఇంట్లో కూర్చొని మాట్లాడుకోవడానికి మూడు ప్రశ్నలు:

• గత ఏడాది మన పిల్లలకు వచ్చిన డబ్బు ఇప్పుడు ఎక్కడ ఉంది?

• మన ఇంటికి ఉన్న అప్పు గురించి పిల్లలకు వారి వయసుకు తగినట్లు చెప్పామా, దాచామా?

• బిడ్డకు మనం తిరిగి ఇవ్వవలసినది ఏమైనా ఉందా?

మూడో ప్రశ్నకు “ఉంది” అని జవాబు వస్తే, మిగతా పాఠాలకంటే ముందు అది తీర్చండి. ఆ రూపాయి బిడ్డ చేతిలో పడిన రోజునే మీ ఇంట్లో పాఠం మొదలైనట్లు.