పేరు తెలుసు, విలాసం తెలియదు

తెలుగు శాఖ గోడపత్రికలో కంప్యూటర్ పాఠమేమిటని నవ్వుకోకండి. ఇది పేర్ల గురించిన పాఠమే.

మా ఇల్లు తిరుత్తణిలో. అక్క తిరువళ్లూరులో ఒక ఆఫీసులో లెక్కలు రాస్తుంది. బిడ్డకు ఆరు నెలలు కావడంతో, వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. మొదటి రోజు పొద్దున్నే వీపీఎన్ కలిపింది. వీపీఎన్ అంటే ఇంటర్నెట్ మీదుగానే మన కంప్యూటర్ నుంచి ఆఫీసుకు వేసుకునే సొంత దారి. "కనెక్టెడ్" అని వచ్చింది. కానీ ఆఫీసు ఫైళ్లుండే జెడ్ డ్రైవ్ మీద ఎర్ర గుర్తు. నొక్కితే "నెట్‌వర్క్ పాత్ దొరకలేదు" అంటుంది. ఆఫీసుకు మూడుసార్లు ఫోన్ చేసింది. "మీ ఇంట్లో నెట్ బాగలేదమ్మా" అన్నారు.

"పాపా, రేపు ఇరవయ్యో తేదీ. జీఎస్టీ రిటర్నులు వేయాల. ఇది తెరుచుకోకపోతే బిడ్డనొదిలి రోజూ అరక్కోణం మీద రైల్లో పోవాల్సిందే" అనింది అక్క. ఇద్దరం కూర్చుని ఒక్కో ప్రశ్నే వేసుకున్నాం.

మొదటి ప్రశ్న: దారి ఉందా? ఆఫీసులో ఉన్న స్నేహితురాలిని అడిగి సర్వర్ ఐపీ నంబరు తెలుసుకున్నాం. 10.0.5.20 అనుకోండి. కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని కొట్టి ఆ నంబరు ఇస్తే జవాబు వచ్చింది. అంటే దారి ఉంది. (జవాబు రాకపోతే దారి లేదని వెంటనే అనుకోకూడదు. కొన్ని సర్వర్లు పింగ్‌కు పలకవు.) తర్వాత రన్ పెట్టెలో \\10.0.5.20 అని కొడితే ఫోల్డర్లన్నీ కనబడినాయి!

రెండో ప్రశ్న: పేరు తెలుసా? నంబరు బదులు సర్వర్ పేరు ఇచ్చి పింగ్ చేస్తే, అలాంటి పేరే దొరకలేదంది. జెడ్ డ్రైవ్‌ను ఆ పేరుతోనే కలిపి ఉన్నారు. జబ్బు ఇక్కడే ఉంది.

మన ఇళ్లల్లో చిరునామాను విలాసం అంటాం కదా. కంప్యూటర్‌కు ఐపీ నంబరే విలాసం. పేరు మనుషుల సౌకర్యం కోసం. 1970లలో అమెరికాలోని అర్పానెట్‌లో ఉన్న కంప్యూటర్ల పేర్లూ నంబర్లూ అన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. దాన్ని చూసుకున్న బృందానికి పెద్ద ఎలిజబెత్ ఫైన్లర్ అనే మహిళ. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఒక్క పట్టీ చాలలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించాడు. పేరు చెబితే విలాసం చెప్పే సర్వర్లు అవి.

మూడో ప్రశ్న: ఎవరిని అడుగుతోంది? ఎన్ఎస్‌లుకప్ అని కొట్టి సర్వర్ పేరిచ్చాం. జవాబిచ్చింది మా ఇంటి మోడెమ్, 192.168.1.1. తిరువళ్లూరు ఆఫీసు లోపలి పేరు దానికెట్లా తెలుస్తుంది? అదే ఆదేశం చివర ఆఫీసు డీఎన్ఎస్ సర్వర్ నంబరు కూడా చేర్చి అడిగితే సరైన విలాసం వచ్చింది. ఆఫీసులో కూర్చున్నప్పుడు ల్యాప్‌టాప్ ఆ సర్వర్‌నే అడుగుతుంది. పైగా అక్కడ చిన్న పేరును పక్క కంప్యూటర్లన్నిటినీ కేకేసి అడిగినా పలుకుతాయి. ఆ కేక మామూలుగా వీపీఎన్ దాటి రాదు.

హోస్ట్స్ ఫైల్లో పేరూ నంబరూ మనమే రాసుకోవచ్చు. కానీ రేపు నంబరు మారితే అది పాత విలాసమే చెబుతుంది. మా తిరుత్తణినే చూడండి. 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లా. తర్వాత చెంగల్పట్టు జిల్లా. 1997 నుంచి తిరువళ్లూరు జిల్లా. ఊరి పేరు అదే, విలాసం మూడుసార్లు రాసుకున్నాం.

అక్క నాలుగోసారి ఫోన్ చేసింది. "సార్, నంబరుతో తెరుచుకుంటా ఉంది, పేరుతో రాలేదు. ఇంటి మోడెమ్‌ను అడుగుతా ఉంది. వీపీఎన్ సెట్టింగులో మన డీఎన్ఎస్ నంబరు, డొమైన్ సఫిక్స్ చేర్చండి" అనింది. ఈసారి ఇంటి నెట్ మాట ఎత్తలేదు. పది నిమిషాల్లో సరిచేసినారు. వీపీఎన్ తీసి మళ్లీ కలిపి, జెడ్ డ్రైవ్‌ను నెట్ యూజ్‌తో తీసేసి మళ్లీ పెట్టుకున్నాం. ఇక పొద్దున ఎర్ర గుర్తు కనబడినా భయం లేదు. కంప్యూటర్ తెరవగానే, వీపీఎన్ కలవకముందే డ్రైవ్‌ను వెతుకుతుంది కాబట్టి అట్లా వస్తుంది. కలిపినాక ఒకసారి నొక్కితే చాలు.

ఒక జాగ్రత్త. ఇంట్లోనూ ఆఫీసులోనూ నంబర్లు 192.168.1 తోనే మొదలైతే అడిగింది ఇల్లు దాటకపోవచ్చు. అప్పుడు ఒకచోట ఆ వరుస మార్చుకోవాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లా అయితే "పనిచేయలేదు" అని మాత్రం చెప్పకండి. దారి ఉందా, పేరు తెలుసా, ఎవరిని అడుగుతోంది అని వరుసగా చూసి, ఎక్కడ ఆగిందో చెప్పండి. అక్క ఆ రాత్రి రిటర్నులన్నీ వేసేసింది, బిడ్డను ఒళ్లో పెట్టుకుని.