బ్యాండ్ రికార్డింగ్‌కి హెడ్‌ఫోన్స్ కొంటున్నారా? సౌండ్ కంటే ముందు లీక్ చూడండి

హెడ్‌ఫోన్స్ అనగానే మనం బేస్ ఎలా ఉంది, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, గేమింగ్ మోడ్ ఉందా అనే అడుగుతాం. ఈసారి చెప్పబోయే వాటిలో బ్లూటూత్ లేదు, యాప్ లేదు, ఛార్జింగ్ కూడా లేదు. వాటి పని రెండే రెండు. లోపలి సౌండ్ బయటికి పోకూడదు, బయటి సౌండ్ లోపలికి రాకూడదు. వినడానికి సింపుల్‌గా ఉంది కదా? నాకు మాత్రం ఒక మంచి పాట పాడైపోయాక గానీ అర్థం కాలేదు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. బీటెక్ అయ్యాక అందరిలాగే దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి, కోర్సు చేసి, జాబ్ తెచ్చుకున్నా. ఇప్పుడు సోమవారం నుంచి శుక్రవారం కోడ్, శని ఆదివారాలు రికార్డింగ్. విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ వెనక ఒక బిల్డింగ్‌లో పై ఫ్లోర్‌లో గది తీసుకుని, నలుగురు ఫ్రెండ్స్ కలిసి చిన్న సెటప్ పెట్టాం. గది ఒక్కటే. సింగర్, డ్రమ్స్, డప్పు, లాప్‌టాప్ ముందు నేను, అందరం అందులోనే. పెద్ద స్టూడియోల్లో లాగా మధ్యలో గాజు గోడ ఉండదు. కాబట్టి మా గోడలన్నీ చెవుల మీద పెట్టుకునే కప్పులే.

పోయిన ఏడాది నల్గొండ వైపు ఊరి నుంచి ఒక జానపద గాయని వచ్చింది. మేమంతా పెద్దమ్మ అనేవాళ్లం. పొద్దున్నే బస్సెక్కి ఎల్బీ నగర్ రింగ్ రోడ్డు దగ్గర దిగి, టీ కూడా తాగకుండా పాడేసింది. మూడో టేక్‌లో ఆఖరి చరణం ఎంత మెల్లగా పాడిందంటే గదిలో ఎవరూ కదల్లేదు. సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది. రాత్రి నేను ఎడిటింగ్‌కి కూర్చుని ఆ చరణం సోలో చేసి విన్నా. గొంతు వెనక టిక్, టిక్, టిక్. మెట్రోనోమ్ క్లిక్. మామూలు చోట్ల డప్పు కింద కలిసిపోయింది. ఆ చరణంలో మాత్రం దాక్కోవడానికి దానికి ఏ వాయిద్యమూ లేదు. ఈక్యూ, నాయిస్ రిడక్షన్ అన్నీ వాడి చూశా. క్లిక్ తగ్గితే గొంతు కూడా చచ్చిపోయినట్టు వినిపించింది.

తప్పు నాదే. మిక్సింగ్ కోసం ముచ్చటపడి కొన్న ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్‌ని, మన దగ్గర ఉన్నవాటిలో ఇదే బెస్ట్ కదా అని ఆమెకిచ్చా. ఫోన్ చేసి విషయం చెప్తే, "ఏంది కొడుకా, మంచిగ రాలేదా? మల్ల పాడమంటే పాడత గని, గట్లనే మల్ల వస్తదా?" అంది.

ఓపెన్ బ్యాక్ అంటే డ్రైవర్ వెనక భాగం జాలీలా తెరిచి ఉంటుంది. గాలి ఫ్రీగా ఆడుతుంది కాబట్టి సౌండ్ విశాలంగా, సహజంగా ఉంటుంది. ఇంట్లో కూర్చుని మిక్స్ చేయడానికి సూపర్. మైక్ ముందు పెట్టుకుంటే మాత్రం అది చిన్న స్పీకర్ లాంటిదే. సెమీ ఓపెన్ అని రాసి ఉన్నా నమ్మొద్దు, అది కూడా లీకే. రికార్డింగ్‌కి క్లోజ్డ్ బ్యాక్, చెవి మొత్తాన్ని కప్పే ఓవర్ ఇయర్. ఇక్కడ వేరే ఆప్షన్ వెతక్కండి.

సింగర్‌కి ఒక సమస్య, డ్రమ్మర్‌కి ఇంకో సమస్య

ఐసోలేషన్ అని ఒకే మాట వాడతాం గానీ అందులో రెండు విషయాలున్నాయి. సింగర్ దగ్గర ప్రమాదం లోపలి నుంచి బయటికి. మైక్ నోటికి జానెడు దూరంలో ఉంటుంది, చెవి కూడా అక్కడే ఉంటుంది. డ్రమ్మర్ దగ్గర ప్రమాదం బయటి నుంచి లోపలికి. అతని మైకుల్లో క్లిక్ కొంచెం పడినా స్నేర్ దాన్ని మింగేస్తుంది. కానీ అతని చెవుల సంగతి వేరు.

లెక్క చూద్దాం. చిన్న గదిలో డ్రమ్స్ గట్టిగా వాయిస్తే వాయించేవాడి చెవి దగ్గర 100 డెసిబెల్స్ దాటడం మామూలే. 105 అనుకుందాం. హెడ్‌ఫోన్ నిజంగా 10 తగ్గిస్తే లోపలికి 95 వస్తుంది. దాని మీద క్లిక్, బేస్ గిటార్ వినబడాలంటే వాల్యూమ్ ఇంకా పైకి తిప్పాలి, అంటే 98, 100. అమెరికాలో పనిచేసే చోట ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ చెప్పే పరిమితి రోజుకి 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కి టైమ్ సగం అవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి 1, 97కి అరగంట, 100కి 15 నిమిషాలు. మన ఆదివారం సెషన్ ఎంతసేపు? అదే హెడ్‌ఫోన్ 25 తగ్గిస్తే లోపలికి 80 మాత్రమే వస్తుంది. అప్పుడు పాటని 85 దగ్గర పెట్టుకుని హాయిగా వాయించొచ్చు.

మా డ్రమ్మర్ అన్న సెషన్ అయ్యాక బైక్ మీద వెళ్తూ "చెవుల్లో గుయ్‌మంటోందిరా" అని నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం. ఒకసారి ఆ గుయ్‌మనేది మర్నాడు ఆఫీసులో మీటింగ్ దాకా పోలేదు. అప్పటి నుంచి ఎవరం నవ్వట్లేదు. లోపలి చెవిలో సన్నటి కేశ కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. ఫోన్ డిస్‌ప్లే లాగా మార్పించుకునేది కాదు.

బాక్స్ మీద నంబర్ ఎలా చదవాలి

సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రోకి కంపెనీ 32 డెసిబెల్స్ "వరకు" అంటుంది. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రోకి 18 అంటుంది. డ్రమ్మర్ల కోసమే చేసిన డీటీ 770 ఎంకి 35, విక్ ఫర్త్ ఎస్‌ఐహెచ్2కి 25. ఇవి చూసి ర్యాంకులు వేసేయకండి. ఆ "వరకు" అనే మాటలోనే కిటుకు ఉంది. ఏ ప్యాసివ్ హెడ్‌ఫోన్ అయినా హై ఫ్రీక్వెన్సీలని బాగా ఆపుతుంది, లో ఫ్రీక్వెన్సీలని తక్కువ ఆపుతుంది. సింబల్ చప్పుడు దూరమైపోతుంది గానీ కిక్ డ్రమ్, డప్పు దమ్ మాత్రం తోసుకొచ్చేస్తాయి. పైగా ఆ నంబర్ సీల్ పర్ఫెక్ట్‌గా ఉన్నప్పటిది. కళ్లద్దాల కాడ ప్యాడ్ కింద చేసే చిన్న సందు చాలు, సగం ఐసోలేషన్ పోవడానికి. జుట్టు, బుట్టలు, జూకాలు అన్నీ అంతే.

పెద్దమ్మ నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి హెచ్‌డీ 280 ప్రో పెట్టాం. బుట్టలు తీసేయమంటే కాసేపు అనుమానంగా చూసి, తీసి కొంగుకి ముడేసుకుంది. "నెత్తి పట్టేసినట్టున్నది" అంది. నిజమే, అది గట్టిగానే నొక్కుతుంది. ఆ నొక్కుడే ఐసోలేషన్. రెండు టేకులకోసారి తీసి రెస్ట్ ఇచ్చాం. ట్రాక్ క్లీన్‌గా వచ్చింది. ఆ చరణం మొదటిసారి లాగా వచ్చిందా అంటే, రాలేదు.

చాలామంది సింగర్స్‌కి ఒక చెవి తెరిచి పాడే అలవాటు ఉంటుంది, శ్రుతి కోసం. తెరిచిన కప్పు మైక్ వైపు తిరిగి ఉంటే అదే పెద్ద లీక్. అలాంటప్పుడు ఆ సైడ్ సౌండ్ పూర్తిగా మ్యూట్ చేసి ఒక చెవికే పంపండి. లేదా ఆ కప్పుని చెవి వెనక తలకి ఆనించమనండి. ఇంకోటి, డీఫాల్ట్ క్లిక్ సౌండ్‌ని మార్చండి. ఆ పదునైన బీప్ దేన్నైనా చీల్చుకుని వెళ్తుంది. వుడ్ బ్లాక్ లాంటి మొద్దు సౌండ్ పెట్టి, నెమ్మది చరణాల్లో వాల్యూమ్ తగ్గేలా, ఆఖరి స్వరం దగ్గర పూర్తిగా ఆగేలా ఆటోమేషన్ రాయండి. ఇది ఫ్రీ. ఏ హెడ్‌ఫోన్ కొన్నా చేయాల్సిందే.

కొన్నాక ఇంట్లో ఒక టెస్ట్ చేయండి. హెడ్‌ఫోన్ పెట్టుకుని, పాడేటప్పుడు ఉండే వాల్యూమ్‌లోనే క్లిక్ ప్లే చేయండి. మైక్ గెయిన్ కూడా పాడేటప్పుడు ఉన్నంతే. నోరు మూసుకుని ఒక నిమిషం రికార్డ్ చేసి వినండి. ఆ నిమిషంలో వినబడేదే రేపు మీ పాటలో వినబడేది. ఫోన్ రికార్డర్‌తో చేయొద్దు, అది గెయిన్‌ని తనంతట తానే పెంచేసి కంగారు పెడుతుంది.

"నా దగ్గర నాయిస్ క్యాన్సిలింగ్ బ్లూటూత్ ఉంది కదా?"

ఈ ప్రశ్న ప్రతి కాలేజ్ బ్యాండ్ అడుగుతుంది. వద్దు. 120 బీపీఎం పాటలో ఒక బీట్ 500 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 125. మామూలు ఎస్‌బీసీ బ్లూటూత్‌లో ఆలస్యం 150 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. అంటే మీ క్లిక్ పావు బీట్ కంటే ఎక్కువ లేట్. డ్రమ్మర్ ఎంత పర్ఫెక్ట్‌గా వాయించినా రికార్డింగ్‌లో తాళం తప్పినట్టే. వైర్ పెట్టి ఏఎన్‌సీ ఆన్ చేసినా లాభం కొంచెమే. ఏఎన్‌సీ బలం విమానం ఇంజిన్, ఏసీ లాంటి ఆగకుండా వచ్చే లో సౌండ్స్ మీద. స్నేర్ దెబ్బ అది తేరుకునేలోపే వచ్చి వెళ్లిపోతుంది.

డ్రమ్మర్‌కి తక్కువ ఖర్చులో నేను చెప్పే మార్గం వేరే ఉంది. ఫోమ్ టిప్స్ ఉన్న వైర్డ్ ఇన్ ఇయర్స్ పెట్టి, దాని మీద ఫ్యాక్టరీల్లో వాడే ఇయర్ మఫ్స్ తొడగడం. 3ఎం పెల్టర్ ఎక్స్5ఏ లాంటివాటికి అమెరికా రేటింగ్ 31 డెసిబెల్స్. సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు సేఫ్టీ సామాను షాపుల్లో మఫ్స్ అడగండి. చూడటానికి రోడ్డు తవ్వేవాళ్లలా ఉంటాం, అది వేరే విషయం. ఒక్క జాగ్రత్త. ఇయర్‌ఫోన్ 25, మఫ్ 31, కలిపితే 56 అని కూడేయకండి. రెండోది కలపడం వల్ల పెరిగేది 5 డెసిబెల్స్ దగ్గరే. ఆ తర్వాత సౌండ్ ఎముకల ద్వారా కూడా వెళ్తుంది.

ఏది కొనాలి, ఎంతకాలం వస్తుంది

ధరలు సేల్‌ని బట్టి మారుతుంటాయి కాబట్టి సుమారుగా చెప్తా. ఐదారు వేల దగ్గర ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం20ఎక్స్. 47 ఓమ్స్, 3 మీటర్ల వైర్. గిటార్, కీబోర్డ్ వాళ్లకి చాలు. సింగర్‌కి ఇవ్వాలంటే క్లిక్ తగ్గించుకోవాలి. దాని పైన హెచ్‌డీ 280 ప్రో, 64 ఓమ్స్. సింగర్‌కి నా ఓటు దీనికే. అదే రేంజ్‌లో సోనీ ఎండీఆర్-7506 ఉంటుంది, 1991 నుంచి వస్తున్న మోడల్. వివరాలు వినడానికి అద్భుతం, ఎడిటింగ్‌కి నేను అదే వాడతా, కానీ డ్రమ్స్ పక్కన సరిపోదు. ఇంకా పైన డీటీ 770 ప్రో. గంటల తరబడి పెట్టుకున్నా నొప్పి లేని వెల్వెట్ లాంటి ప్యాడ్స్, ప్రతి పార్ట్ విడిగా దొరకడం దీని ప్లస్. అయితే 250 ఓమ్స్ వెర్షన్ పొరపాటున తీసుకోకండి. చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్‌కి అది లొంగదు, ఫుల్ పెట్టినా సౌండ్ సరిపోదు. మనకి 32 లేదా 80 ఓమ్స్.

నలుగురు ఉంటే పది రూపాయల వై-స్ప్లిటర్‌తో పని కానివ్వొద్దు. వేర్వేరు ఓమ్స్ ఉన్నవి ఒకే లైన్‌కి తగిలిస్తే ఒకరికి చెవులు పగులుతాయి, ఇంకొకరికి ఏమీ వినబడదు. బెరింజర్ హెచ్‌ఏ400 లాంటి చిన్న ఆంప్‌లో నాలుగు అవుట్‌లు, నాలుగు విడి వాల్యూమ్‌లు ఉంటాయి. ఎవరిది వాళ్లు తిప్పుకుంటారు, గొడవ ఉండదు.

మన్నిక గురించి స్పెక్ షీట్‌లో ఒక్క ముక్క ఉండదు. బ్యాండ్ రూమ్‌లో హెడ్‌ఫోన్స్ పాడయ్యేది డ్రైవర్ వల్ల కాదు. ఎవరో వైర్ తొక్కుతారు, లేదా చెమటకి ప్యాడ్స్ పొట్టు లేస్తాయి. ఏప్రిల్‌లో మైక్‌లో చప్పుడు పడుతుందని ఏసీ, ఫ్యాన్ రెండూ ఆపేసి పాడించి చూడండి, నేను చెప్పేది తెలుస్తుంది. పొట్టు లేచిన ప్యాడ్ అంటే సీల్ పోయినట్టే, ఐసోలేషన్ కూడా పోయినట్టే. అందుకే కొనేముందు ఆ మోడల్‌కి ప్యాడ్స్ విడిగా దొరుకుతున్నాయా అని వెతకండి. వెల్వెట్ రకం చల్లగా ఉంటుంది గానీ సౌండ్‌ని రెక్సిన్ అంత ఆపదు.

వైర్ ఊడదీసి మార్చుకునే మోడల్, ఉదాహరణకి ఏటీహెచ్-ఎం40ఎక్స్, బడ్జెట్‌లో ఉంటే మంచిది. ఫిక్స్‌డ్ వైర్ అయినా భయపడక్కర్లేదు. ఒక చెవి ఆగిపోతే పది సార్లలో తొమ్మిది సార్లు తెగింది జాక్ దగ్గరే. మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూసి, రెడ్ లైన్ ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగితే కోఠి గుజరాతీ గల్లీ. మంచి మెటల్ జాక్ కొని సోల్డర్ చేసుకోవడమే. నేను మొదటిసారి చేసినప్పుడు లెఫ్ట్, రైట్ తిప్పేశా. మా బేసిస్ట్ నెల రోజుల దాకా కనిపెట్టలేదు.

అన్నీ ఒకేసారి కొనలేకపోతే మొదట సింగర్‌కి మంచి క్లోజ్డ్ బ్యాక్ ఒకటి, దాంతో పాటే డ్రమ్మర్‌కి మఫ్స్. మిగతావాళ్లు ఉన్న వైర్డ్ ఇయర్‌ఫోన్స్‌తో నడిపించొచ్చు. ఆంప్ తర్వాతి జీతానికి.